అనంతపురం జిల్లాలో ఎన్నికల చట్ట వివాదాలు

ఓటర్ల జాబితా, అభ్యర్థి అర్హత, నియోజకవర్గాల హద్దులు, స్థానిక సంస్థల ఎన్నికలు, ఓట్ల లెక్కింపు చుట్టూ ఉమ్మడి అనంతపురం జిల్లాలో నడిచిన చట్టపరమైన, రాజకీయపరమైన తగాదాలను ఈ వ్యాసం పరిచయం చేస్తుంది. 2022 ఏప్రిల్ 4న జిల్లా రెండుగా చీలి శ్రీ సత్యసాయి జిల్లా ఏర్పడింది. ఎన్నికల లెక్కలో మాత్రం పాత జిల్లాను కలిపి చూడడమే సులువు. మొత్తం 14 అసెంబ్లీ స్థానాలు, అనంతపురం, హిందూపురం అనే రెండు లోక్‌సభ స్థానాలు ఉన్నాయి. రాప్తాడు నియోజకవర్గమైతే ఇప్పుడు రెండు జిల్లాల్లోనూ పరుచుకుని ఉంది.

భారత ఎన్నికల చట్టానికి ప్రధానంగా రెండు స్తంభాలు. 1950 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం ఓటరు ఎవరో చెబుతుంది. 1951 నాటి చట్టం పోటీ, పోలింగ్, అవినీతి చర్యలు, ఎన్నికల పిటిషన్ల సంగతి చూస్తుంది. రాజ్యాంగంలోని 329వ అధికరణం ప్రకారం ఎన్నికల ప్రక్రియ మొదలయ్యాక కోర్టులు మధ్యలో తలదూర్చకూడదు. ఫలితం వచ్చాక 45 రోజుల్లోగా హైకోర్టులో ఎన్నికల పిటిషన్ వేసుకోవాలి. జాతీయ స్థాయిలో పేరుమోసిన వివాదాలు ఎక్కువగా ఈ రెండో చట్టం కింద వచ్చినవే. అనంతపురంలో అసలు నొప్పి మొదటి చట్టం దగ్గరే ఉంది. దానికి కారణం రాజకీయం కంటే ముందు వాన.

కరువు, వలస, ఓటరు జాబితా

పశ్చిమ కనుమల వర్షచ్ఛాయలో ఉన్న ఈ పీఠభూమిలో ఏటా కురిసే వాన సగటున 550 మిల్లీమీటర్ల ప్రాంతంలోనే ఉంటుంది. అదీ సమయానికి రాదు. వేరుశెనగ ఊడలు దిగే వేళకు వాన మొహం చాటేస్తే పెట్టుబడి మట్టిలో కలుస్తుంది. అప్పుడు కుటుంబాలు బెంగళూరు భవన నిర్మాణ పనులకో, కేరళకో, పొరుగు జిల్లాల్లో సుగ్గికో (కోతల కూలి పనులకో) కదులుతాయి. ఊళ్లో ముసలివాళ్లు, ఇంటికి తాళం మిగులుతాయి.

చట్టం అడిగే ప్రశ్న ఒకటే: ఈ మనిషి ఇక్కడ ‘సాధారణ నివాసి’ అవునా, కాదా? 1950 చట్టంలోని 19వ సెక్షన్ ఓటు హక్కును నివాసానికి ముడిపెట్టింది. 20వ సెక్షన్ రెండు వైపులా పదునున్నది. ఒక ఊళ్లో సొంత ఇల్లు ఉన్నంత మాత్రాన అక్కడి నివాసి అయిపోరని ఒకచోట చెబుతుంది. తాత్కాలికంగా ఊరు విడిచి వెళ్లినంత మాత్రాన నివాసం పోదని మరోచోట చెబుతుంది. ఆరు నెలలు బెంగళూరులో ఇటుకలు మోసి, ఉగాదికి ఊరికొచ్చే కూలీకి ఈ రెండో మాటే ఆధారం. అయితే ‘తాత్కాలికం’ అంటే ఎన్ని నెలలో చట్టం చెప్పలేదు. ఆ ఖాళీని పూరించేది ఢిల్లీలోని కమిషన్ కాదు, ఊళ్లో తిరిగే బూత్ లెవెల్ ఆఫీసర్ (బీఎల్వో). ఆ మనిషి అంగన్‌వాడీ కార్యకర్తో, ఉపాధ్యాయుడో, సచివాలయ ఉద్యోగో అయి ఉంటారు.

పేరు ఎలా పోతుందో దగ్గరగా చూస్తే సంగతి తేటపడుతుంది. ఫారం-7 అనేది అభ్యంతర పత్రం. ఆ నియోజకవర్గంలోని ఏ ఓటరైనా మరొకరి పేరు మీద దాన్ని వేయవచ్చు. చనిపోయారనో, ఊరు మారారనో, పేరు రెండుసార్లు ఉందనో, వయసు చాలదనో, భారత పౌరుడు కాదనో కారణం చూపాలి. అది అందాక బీఎల్వో ఇంటికి వెళ్లి విచారించాలి. ఓటరు నమోదు అధికారి నోటీసు ఇచ్చి, చెప్పుకునే అవకాశం కల్పించి, ఆ తర్వాతే పేరు తొలగించాలి. ఎవరూ ఫారం వేయకుండా అధికారి తనంతట తానే తొలగించదలిస్తే, 1960 నాటి నమోదు నిబంధనల ప్రకారం ఆ పేర్ల జాబితాను నోటీసు బోర్డులో పెట్టి అభ్యంతరాలు వినాలి. కాగితం మీద ఇది గట్టి కట్టుదిట్టమే. ఊళ్లో జరిగేది వేరు. తలుపుకు తాళం కనిపిస్తుంది. పక్కింటివాళ్లను అడిగితే ‘బెంగుళూరు పోయినారు సార్’ అంటారు. ‘ఎప్పుడొస్తారు?’ అన్న రెండో ప్రశ్న వేయకుండా ‘షిఫ్టెడ్’ అని రాస్తే పని అయిపోతుంది. నోటీసు ఆ తాళం వేసిన తలుపుకే వస్తుంది.

ఉరవకొండ వివాదం ఈ నేపథ్యంలోనే చూడాలి. 2014లో అక్కడ వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థి విశ్వేశ్వరరెడ్డి 2,275 ఓట్లతో గెలిచారు. 2019లో తెలుగుదేశం అభ్యర్థి పయ్యావుల కేశవ్ 2,132 ఓట్లతో గెలిచారు. రెండుసార్లూ ప్రత్యర్థులు వాళ్లిద్దరే. ఇంత సన్నని తేడా ఉన్నచోట బూత్‌కు పది పేర్లు తీసేసినా ఫలితం తిరగబడుతుంది. 2019 తర్వాత నియోజకవర్గంలో నిబంధనలు పాటించకుండా భారీగా ఓట్లు తొలగించారని కేశవ్ ఎన్నికల సంఘానికి ఫిర్యాదు చేశారు. అక్కడ ఓటరు నమోదు అధికారి జిల్లా పరిషత్ ముఖ్య కార్యనిర్వహణాధికారి. సంఘం విచారణ జరిపించి, ఆ కుర్చీలో ఒకరి తర్వాత ఒకరు పనిచేసిన ఇద్దరు అధికారులపై చర్యలకు ఆదేశించింది. 2023 ఆగస్టులో సస్పెన్షన్లు వెలువడ్డాయి. ఓట్ల తొలగింపు మీద అధికారుల మెడకు చుట్టుకున్న కేసులు దేశంలో అరుదు. ఈ ఉదంతానికి ఉన్న ప్రాధాన్యం అదే.

ఆ వేడి రాష్ట్రమంతా పాకింది. అదే నెల 28న చంద్రబాబు నాయుడు ఢిల్లీలో ఎన్నికల సంఘాన్ని కలిసి దొంగ ఓట్ల మీద ఫిర్యాదు చేశారు. వైఎస్సార్ కాంగ్రెస్ ఎంపీలు కూడా ఆ రోజే వెళ్లి ఎదురు ఫిర్యాదు ఇచ్చారు. 2021 ఏప్రిల్‌లో జరిగిన తిరుపతి లోక్‌సభ ఉపఎన్నికలో అధికారి లాగిన్‌తో వేల సంఖ్యలో ఓటరు కార్డులు డౌన్‌లోడ్ అయిన వ్యవహారంలో 2024 జనవరిలో ఒక ఐఏఎస్ అధికారి సస్పెండ్ అయ్యారు. ఒక పార్టీ ‘తీసేశారు’ అంటుంది, మరో పార్టీ ‘దొంగవి చేర్చారు’ అంటుంది. నిజానికి రెండూ ఒకే జబ్బు. జాబితా మీద ప్రజల కన్ను లేదు.

సరిహద్దు మండలాల్లో మరో చిక్కు ఉంది. మూడు వైపులా కర్ణాటక చుట్టుముట్టిన మడకశిర, బళ్లారికి ఆనుకున్న రాయదుర్గం ప్రాంతాల్లో పొలం ఇటు, పెళ్లి సంబంధం అటు. రెండు రాష్ట్రాల జాబితాల్లోనూ పేరున్నవాళ్లు ఉంటారన్న ఆరోపణ ప్రతి ఎన్నికలోనూ వినిపిస్తుంది. రెండు చోట్ల నమోదు కావడాన్ని 1950 చట్టం నిషేధిస్తుంది. తప్పుడు ప్రకటన ఇస్తే ఏడాది వరకు జైలు శిక్ష ఉంది.

వలస కూలీ ఉన్నచోటి నుంచే ఓటు వేసేలా ఒక్క యంత్రంతో 72 నియోజకవర్గాలకు పోలింగ్ జరపగల నమూనాను ఎన్నికల సంఘం 2022 డిసెంబరులో ప్రకటించింది. 2023 జనవరి 16న పార్టీలను పిలిచి చూపించబోతే, వలస కూలీ అంటే ఎవరో ముందు తేల్చమని పార్టీలు పట్టుబట్టాయి. ఆ ఆలోచన అక్కడే ఆగింది. పోలింగ్ ముందురోజు బెంగళూరు నుంచి అనంతపురం వైపు కిక్కిరిసి వచ్చే బస్సులే ఇప్పటికీ దానికి ప్రత్యామ్నాయం. ఆ బస్సు టికెట్ డబ్బులు ఎవరిస్తారన్నది మరో ఎన్నికల నేరం కథ. ఓటర్లకు ఉచితంగా వాహనాలు సమకూర్చడాన్ని 1951 చట్టంలోని 123వ సెక్షన్ అవినీతి చర్యగా లెక్కిస్తుంది.

అమెరికాలో ఇదే తగాదా

అమెరికాలోనూ ప్రస్తుత పోరు చాలావరకు జాబితా చుట్టూనే. అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ 2025 మార్చి 25న ఇచ్చిన కార్యనిర్వాహక ఉత్తర్వు, ఓటరుగా నమోదయ్యేవారు పౌరసత్వానికి పత్రం చూపాలని ఆదేశించింది. ఆ ఉత్తర్వు మొదట్లోనే భారతదేశాన్ని ఆదర్శంగా ప్రస్తావించారు. ఓటరు గుర్తింపును బయోమెట్రిక్ సమాచారంతో కలుపుతున్న దేశమని మెచ్చుకున్నారు. ఎన్నికల నియమాలు మార్చే అధికారం అధ్యక్షుడికి లేదంటూ ఫెడరల్ కోర్టులు ఆ నిబంధనకు అడ్డుకట్ట వేశాయి.

ఆ మెచ్చుకోలు తెలుగువాళ్లకు కాస్త నవ్వు తెప్పిస్తుంది. ఆధార్‌తో ఓటరు జాబితాను జోడించే పని తెలుగు రాష్ట్రాల్లో 2015లోనే ముమ్మరంగా సాగింది. ఆ ఏడాది ఆగస్టులో సుప్రీంకోర్టు ఆధార్ వాడకం మీద ఆంక్షలు పెట్టడంతో ఆగిపోయింది. ఈలోగా తెలంగాణలో లక్షల పేర్లు గల్లంతయ్యాయి. 2018 అసెంబ్లీ ఎన్నికల రోజు హైదరాబాద్‌లో ఎందరో బూత్ దాకా వెళ్లి వెనుదిరిగారు. 2021 చట్ట సవరణ ఆధార్ జోడింపును మళ్లీ తెచ్చింది, స్వచ్ఛందం అన్న మాటతో. తెలంగాణ కాంగ్రెస్ నాయకుడు జి.నిరంజన్ వేసిన పిటిషన్‌లో, ఆధార్ తప్పనిసరి కాదని తెలిసేలా ఫారాలను సవరిస్తామని 2023 సెప్టెంబరులో ఎన్నికల సంఘం సుప్రీంకోర్టుకు చెప్పింది. 2025 వేసవిలో బిహార్‌లో మొదలైన ప్రత్యేక సమగ్ర సవరణలో ముసాయిదా నుంచి 65 లక్షల పేర్లు పోయాయి. ఆ పేర్లను కారణాలతో సహా బయటపెట్టాలని ఆగస్టు 14న సుప్రీంకోర్టు ఆదేశించాల్సి వచ్చింది. వలస ఎక్కువగా ఉన్న బిహార్‌లో జరిగింది అనంతపురం చదువుకోవలసిన పాఠం.

అభ్యర్థుల అర్హత

మడకశిర కేసు ఈ జిల్లాలో ఎన్నికల పిటిషన్‌కు పాఠ్యపుస్తకం లాంటి ఉదాహరణ. 2014లో అక్కడ తెలుగుదేశం అభ్యర్థి కె.ఈరన్న గెలిచారు. క్రిమినల్ కేసు సహా కొన్ని వివరాలను ఆయన అఫిడవిట్‌లో దాచారని ఓడిన వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థి ఎం.తిప్పేస్వామి కోర్టుకెక్కారు. నామినేషన్‌తో పాటు ఇచ్చే ఫారం-26 అఫిడవిట్ 2002 నాటి సుప్రీంకోర్టు తీర్పు ఫలితం. అభ్యర్థి నేరచరిత్ర, ఆస్తులు తెలుసుకోవడం ఓటరు హక్కు అన్నది ఆ తీర్పు సారం. 2018 నవంబరులో ఉమ్మడి హైకోర్టు ఈరన్న ఎన్నిక చెల్లదని, తిప్పేస్వామే ఎన్నికైనట్టని తీర్పు చెప్పింది. ఎన్నిక రద్దయినప్పుడు రెండో స్థానంలో ఉన్నవారికి పదవి దక్కడం మామూలుగా జరిగేది కాదు. తిప్పేస్వామి ఎమ్మెల్యేగా ప్రమాణం చేసే సమయానికి తర్వాతి పోలింగ్‌కు నెలలే మిగిలాయి. ఎన్నికల పిటిషన్‌ను ఆరు నెలల్లో ముగించే ప్రయత్నం చేయాలని చట్టం అంటుంది. ఇక్కడ నాలుగేళ్లు దాటింది. గెలిచిన కేసు గెలుపు కాకుండా పోయేది ఈ ఆలస్యం వల్లే. 2019లో ఇద్దరూ మళ్లీ తలపడితే తిప్పేస్వామి గెలిచారు. 2024లో అదే మడకశిరలో తెలుగుదేశం అభ్యర్థి ఎం.ఎస్.రాజు 351 ఓట్లతో బయటపడ్డారు.

శిక్ష పడితే పదవి పోయే నియమానికీ ఈ నేలతో సంబంధం ఉంది. డి.హీరేహాళ్ మండలంలోని ఓబుళాపురం గనుల కేసులో గాలి జనార్దనరెడ్డికి 2025 మే 6న హైదరాబాద్ సీబీఐ కోర్టు ఏడేళ్ల శిక్ష వేసింది. రెండు రోజుల్లో కర్ణాటక అసెంబ్లీలో ఆయన గెలిచిన గంగావతి స్థానం ఖాళీ అయినట్టు ప్రకటించారు. 2013 జులై 10న సుప్రీంకోర్టు ఇచ్చిన లిలీ థామస్ తీర్పుకు ముందైతే అప్పీలు వేసి పదవిలో కొనసాగే వీలుండేది. తర్వాత తెలంగాణ హైకోర్టు ఉత్తర్వులతో ఆయన సభ్యత్వం తిరిగి వచ్చింది. తవ్వకం ఆంధ్రలో, తీర్పు తెలంగాణలో, పదవి కర్ణాటకలో.

జైలు నుంచి పోటీ చేయడమన్నది ఇక్కడ కొత్త కాదు. 1952లో మద్రాసు శాసనసభకు అనంతపురం నుంచి కమ్యూనిస్టు నాయకుడు తరిమెల నాగిరెడ్డి నిర్బంధంలో ఉండగానే గెలిచారు. ఓడింది ఆయన బావ నీలం సంజీవరెడ్డి. పోలీసు కస్టడీలో ఉన్నవారికి ఓటు లేదు గనుక పోటీకీ అర్హత లేదని 2013లో సుప్రీంకోర్టు అంటే, పార్లమెంటు అదే ఏడాది చట్టం సవరించి ఆ మాటను తీసేసింది.

ఎన్ని చోట్ల పోటీ చేయవచ్చన్న ప్రశ్నకు హిందూపురం సాక్షి. ఎన్.టి.రామారావు 1985లో హిందూపురం, గుడివాడ, నల్గొండ మూడు చోట్లా గెలిచి హిందూపురాన్ని ఉంచుకున్నారు. మిగతా రెంటికీ ఉపఎన్నికలు తప్పలేదు. 1996 సవరణ ఆ సంఖ్యను రెండుకు పరిమితం చేసింది. ఒక్క చోటికే పరిమితం చేయాలన్న పిటిషన్‌ను 2023 ఫిబ్రవరి 2న సుప్రీంకోర్టు కొట్టేస్తూ, అది పార్లమెంటు తేల్చుకోవాల్సిన విషయమంది.

సంజీవరెడ్డి, రాష్ట్రపతి ఎన్నిక

ఇల్లూరులో పుట్టిన సంజీవరెడ్డి 1967లో హిందూపురం నుంచి లోక్‌సభకు వెళ్లి స్పీకర్ అయ్యారు. 1969 రాష్ట్రపతి ఎన్నికలో కాంగ్రెస్ అధికారిక అభ్యర్థిగా నిలిచి, 4,20,077 – 4,05,427 విలువల తేడాతో వి.వి.గిరి చేతిలో ఓడారు. సంజీవరెడ్డి వ్యక్తిగత జీవితాన్ని కించపరుస్తూ పేరులేని కరపత్రం ఒకటి పార్లమెంటు సెంట్రల్ హాల్లో పంచారని, అది ఓటర్లపై అనుచిత ప్రభావమని గిరి ఎన్నిక మీద సుప్రీంకోర్టులో పిటిషన్లు పడ్డాయి. పదవిలో ఉన్న రాష్ట్రపతి స్వయంగా కోర్టుకు వచ్చి సాక్ష్యం చెప్పారు. కరపత్రం పంచిన మాట నిజమేనని కోర్టు ఒప్పుకుంది. గిరికి అందులో పాత్ర ఉందని గానీ, దానివల్ల ఫలితం మారిందని గానీ తేలలేదని 1970లో పిటిషన్లు కొట్టేసింది. నేటి వాట్సాప్ యుగంలో పేరులేని దుష్ప్రచారం మీద కేసు నడపడం ఎంత కష్టమో ఆ తీర్పు చదివితే అర్థమవుతుంది.

1974లో రాష్ట్రపతి ఎన్నికల చట్టాన్ని బిగించి, ప్రతిపాదకులు, బలపరిచేవారు పదేసి మంది ఉండాలన్నారు. 1977లో 37 మంది నామినేషన్లు వేస్తే 36 చెల్లకుండా పోయాయి. మిగిలిన ఒక్కరు సంజీవరెడ్డి. ఏకగ్రీవంగా రాష్ట్రపతి అయ్యారు.

హద్దులు

అమెరికాలో నియోజకవర్గాల గీతలు గీసేది చాలా రాష్ట్రాల్లో అధికార పార్టీయే. 2025లో టెక్సస్ జనగణన కోసం ఆగకుండా హద్దులు మార్చింది. కాలిఫోర్నియా అందుకు బదులుగా నవంబరులో ప్రజాభిప్రాయంతో తనవి మార్చుకుంది. భారత్‌లో ఆ పని డీలిమిటేషన్ కమిషన్‌ది. దాని ఉత్తర్వులను కోర్టులో సవాలు చేసే వీలు దాదాపు లేదు. 2009 నుంచి అమలైన హద్దులతో అనంతపురంలో నల్లమాడ, గోరంట్ల, గుత్తి పేర్లు పోయి రాప్తాడు, పుట్టపర్తి, గుంతకల్లు వచ్చాయి. మడకశిర ఎస్సీ రిజర్వుడు కావడంతో అక్కడి ఎమ్మెల్యే, మంత్రి ఎన్.రఘువీరారెడ్డి కళ్యాణదుర్గానికి మారి గెలిచారు.

ఆంధ్రప్రదేశ్ పునర్విభజన చట్టంలోని 26వ సెక్షన్ రాష్ట్ర అసెంబ్లీ స్థానాలను 175 నుంచి 225కు పెంచాలంటుంది. 170వ అధికరణానికి లోబడి అన్న మెలిక కూడా అందులోనే ఉంది. జమ్మూకశ్మీర్‌కు డీలిమిటేషన్ చేసినట్టు ఆంధ్రప్రదేశ్‌కూ చేయమని ప్రొఫెసర్ కె.పురుషోత్తమ్ రెడ్డి వేసిన పిటిషన్‌ను 2025 జులై 25న సుప్రీంకోర్టు తోసిపుచ్చింది.

స్థానిక ఎన్నికలు, పోలింగ్ హింస

2020 మార్చి 15న కోవిడ్ కారణంగా స్థానిక ఎన్నికలను వాయిదా వేసిన రాష్ట్ర ఎన్నికల కమిషనర్ నిమ్మగడ్డ రమేశ్ కుమార్‌ను, పదవీకాలం కుదిస్తూ తెచ్చిన ఆర్డినెన్స్‌తో ప్రభుత్వం తప్పించింది. మే 29న హైకోర్టు దాన్ని కొట్టేసింది. అంతకుముందే మార్చిలో, 50 శాతం పరిమితి దాటిన 59.85 శాతం రిజర్వేషన్లనూ హైకోర్టు రద్దు చేయడంతో బీసీల వాటా 34 నుంచి 24 శాతానికి పడింది. బోయ, కురుబ, వడ్డె కులాల జనాభా గణనీయంగా ఉన్న అనంతపురంలో ఆ కోత గట్టిగానే తగిలింది. పంచాయతీ పోరు 2021 ఫిబ్రవరిలో జరిగింది. ఏప్రిల్ 8న జరిగిన పరిషత్ ఎన్నికల ఓట్లు కోర్టు గొడవల్లో పడి సెప్టెంబరు 19 దాకా పెట్టెల్లోనే ఉన్నాయి.

2021లోనే తాడిపత్రి మునిసిపాలిటీలో 36 వార్డులకు తెలుగుదేశం 18, వైఎస్సార్ కాంగ్రెస్ 16, సీపీఐ ఒకటి, స్వతంత్రుడు ఒకటి గెలిచారు. ఎమ్మెల్యే, ఎంపీల ఎక్స్ అఫీషియో ఓట్లతో లెక్క తారుమారయ్యే పరిస్థితిలో కౌన్సిలర్లను శిబిరాల్లో దాచుకోవాల్సి వచ్చింది. మార్చి 18న తెలుగుదేశం నాయకుడు జె.సి.ప్రభాకర్ రెడ్డి ఛైర్మన్ అయ్యారు. వార్డుల నుంచి ఎన్నిక కాని ఎమ్మెల్యే, ఎంపీలు ఛైర్మన్‌ను తేల్చగలగడం ఈ చట్టంలో లోపమే.

తాడిపత్రి పేరు హింసతోనూ ముడిపడింది. 2019 పోలింగ్ రోజున వీరాపురంలో ప్రాణనష్టం జరిగింది. 2024లో పోలింగ్ మే 13న ముగిసినా మర్నాడు కూడా రాళ్లు రువ్వుకున్నారు. ఏప్రిల్‌లోనే జిల్లా ఎస్పీని మార్చిన ఎన్నికల సంఘం, కొత్తగా వచ్చిన ఎస్పీని కూడా మే 16న సస్పెండ్ చేయించి, ప్రత్యేక దర్యాప్తు బృందం వేయించింది. నెలన్నరలో ఒకే జిల్లాలో ఇద్దరు ఎస్పీలు మారారంటే తప్పు మనుషుల్లోనే కాదు, ఏర్పాట్లలోనూ ఉందని అనుకోవాలి.

లెక్కింపు

అమెరికాలో పోస్టల్ ఓట్ల సంతకాల మీద ఏళ్లుగా నడుస్తున్న గొడవకు చిన్న ప్రతిరూపం 2024లో ఇక్కడా కనిపించింది. పోస్టల్ బ్యాలెట్ వెంట ఉండే ఫారం 13-ఏ మీద గెజిటెడ్ అధికారి సంతకం ఉండి, పేరు, ముద్ర లేకపోయినా చెల్లుతుందన్న ఉత్తర్వును వైఎస్సార్ కాంగ్రెస్ సవాలు చేసింది. జూన్ 1న హైకోర్టు, 3న సుప్రీంకోర్టు కాదన్నాయి. 4న లెక్కింపు జరిగింది. ఈవీఎంల మాట చెప్పాలంటే, 2019లో చంద్రబాబు నాయుడు మొదటి పిటిషనర్‌గా వేసిన కేసులోనే ప్రతి అసెంబ్లీ సెగ్మెంట్‌కు ఒక బూత్ బదులు ఐదు బూత్‌ల వీవీప్యాట్ చీటీలు లెక్కించాలని ఏప్రిల్ 8న సుప్రీంకోర్టు ఆదేశించింది. 2024లో ఓడాక పేపర్ బ్యాలెట్ కావాలన్నది జగన్‌మోహన్ రెడ్డి. యంత్రం మీద అనుమానం ఓటమితో పాటే చేతులు మారుతుంది. కాబట్టి దాన్ని కాస్త తగ్గించి చూడడం మేలు.

పేరు పోయినవారికి దారి

తొలగింపు ఉత్తర్వు మీద 15 రోజుల్లో కలెక్టర్‌కు, అక్కడా న్యాయం జరగకపోతే 30 రోజుల్లో రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారికి అప్పీలు చేసుకోవచ్చు. మళ్లీ చేరడానికి ఫారం-6 ఉంది. జాబితాలో పేరుండి పక్కన గైర్హాజరు, వలస, మృతి గుర్తు పడినవారిని బూత్‌లో వెనక్కి పంపకూడదు. గుర్తింపు సరిచూసి, వేలిముద్ర తీసుకుని ఓటు వేయనివ్వాలి. పేరే లేకపోతే మాత్రం ఏ కార్డు చూపినా ఓటు రాదు. నామినేషన్ల గడువు ముగిసిన క్షణం నుంచి ఎన్నిక పూర్తయ్యేదాకా జాబితాలో ఒక్క పేరు కూడా చేర్చడానికి వీల్లేదు. బెంగళూరులో ఉన్నవాళ్లు ఊరి జాబితాను ఆ గడువుకు ముందే చూసుకోవాలి.